శంఖానికి విషపు చుట్టం

కాళేశ్వరంలో గుడి నుంచి గోదావరి రేవు వైపు నడిచే దారిలో బల్లలు వేసుకుని అమ్మేవాళ్లు ఉంటారు. పసుపు, కుంకుమ, రుద్రాక్షలు, రాగి చెంబులు, గోదావరి నీళ్లు పట్టుకుపోవడానికి ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు, వరసగా పేర్చిన శంఖాలు. మొన్న వెళ్లినప్పుడు ఒక బల్ల మీద శంఖాల పక్కనే స్టీలు పళ్లెంలో సముద్రపు గుల్లలు కలగలిపి పోసి ఉన్నాయి. ఎక్కువగా గవ్వలే. చెయ్యి పెట్టి కెలుకుతుంటే బొటనవేలి కన్నా కాస్త పెద్ద గుల్ల ఒకటి బయటపడింది. పైన వెడల్పుగా ఉండి మెట్లుమెట్లుగా లేచి సూది మొన తేలింది. కింది వైపు పోనుపోను సన్నబడింది. పాకం ముదిరిన బెల్లం రంగు, దాని మీద చిన్నచిన్న తెల్లటి త్రికోణాలు. నోరు ఉండాల్సిన చోట పొడవునా సన్నటి చీలిక, నాలుగు కాగితాలు దూరేంత సందు.

"ఇది శంఖమేనా అమ్మా?"

"శంఖం ఏడిది సారూ, ఊదితే సప్పుడే రాదు. సూడనీకి మంచిగుంటదని పెట్టిన. ఇరవై రూపాలిచ్చి తీస్కపో."

తీసుకున్నాను. ఆమె చెప్పింది నిజమే. అది శంఖం కాదు, శంకువు. లెక్కల పుస్తకంలో బొమ్మ వేసి ఘనపరిమాణం కట్టించే ఆ శంకువే. శంకునత్తల్లో దీని శాస్త్రీయ నామం కోనస్ అమాడిస్. మన తూర్పు తీరపు సముద్రంలో, ముఖ్యంగా తమిళనాడు వైపు దొరుకుతుంది. గుల్ల ఖాళీ కాబట్టి ఇరవై రూపాయలకు వచ్చింది, నిశ్చింతగా జేబులో వేసుకున్నాను. లోపల నత్త బతికి ఉండగా దీన్ని ఎవరూ అలా జేబులో వేసుకోకూడదు. శంకునత్తలన్నీ విషజంతువులే. వాటిలో మనిషిని చంపినవీ ఉన్నాయి.

గుల్లలో రాక్షసుడు ఉండే కథ మనకు కొత్తదేం కాదు. గురువు సాందీపని కొడుకును వెతుక్కుంటూ కృష్ణుడు సముద్రంలో దిగి, శంఖంలో దాక్కున్న పంచజనుణ్ణి చంపి, ఆ శంఖం పట్టుకుని యముడి ఊరికి వెళ్లి ఊదుతాడు. యముడు పిల్లవాణ్ణి తిరిగి ఇచ్చేస్తాడు. ఆ శంఖమే పాంచజన్యం. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి. కాళేశ్వరుడంటే యముడు, ముక్తేశ్వరుడంటే శివుడు. అస్థికలు కలపడానికి వచ్చేవాళ్లు ఒక పక్క, పెళ్లి మొక్కు తీర్చుకునేవాళ్లు ఇంకో పక్క. శంఖం పండుగకీ ఊదుతారు, పాడె ముందూ ఊదుతారు. యముడి వాకిట్లో శంఖాల పక్కన ఆ విషపు గుల్ల కూర్చుని ఉండటం నాకు భలే కుదిరినట్టు అనిపించింది. చుట్టరికం లెక్క తీస్తే అది కాకతాళీయం కూడా కాదు.

ఆ లెక్క పళ్లెంతోనే మొదలుపెడదాం. గవ్వ, శంఖం, శంకునత్త, వీటితోపాటు మన వరి మడుల్లో, చెరువుల్లో పాకే పెద్ద నత్త: నాలుగూ ఒక్క వంశమే. మడిలో నత్తను పైలా అంటారు. ఎండాకాలంలో మూత బిగించుకుని మట్టిలో పడుకుని, తొలకరికి లేస్తుంది. ఆకు, నాచు తింటుంది. తినే పనిముట్టు దాని నోట్లోని నాలుకలాంటి పట్టీ. దాని మీద వరసలు వరసలుగా సన్నటి పళ్లుంటాయి. వడ్రంగి ఆకురాయిని ఊహించుకోండి. గాజు గిన్నెకు నాచు పట్టనిచ్చి నత్తను అందులో వదిలితే, అది గీకుతూ పోయిన దారి బయట నుంచి కనిపిస్తుంది. గవ్వలో జీవికీ ఆకురాయి నాలుకే. శంఖంలో జీవికీ అంతే. కాకపోతే శంఖం శాకాహారి కాదు, సముద్రపు ఇసుకలో గొట్టాలు కట్టుకుని బతికే పురుగుల్ని తింటుంది. విష్ణుమూర్తి చేతిలో దాన్ని చూసి మనం ఆ సంగతి తలచుకోం.

ఈ నలుగురిలో పైలా, గవ్వ దూరపు చుట్టాలు, వేలు విడిచిన మేనమామల వరస. శంఖం, శంకునత్త మాత్రం దాయాదులు. ఆ ఇంటివాళ్లను జీవశాస్త్రంలో నియోగాస్ట్రోపోడా అంటారు, అంటే కొత్త తరహా నత్తలని అర్థం. ముందుకు సాగే తొండం, నీటిలో వాసన పట్టే గొట్టం, మాంసాహారం, ఇవి ఆ ఇంటి పోలికలు. ఈ ఇల్లు ఎంత పాతదో తెలియడానికి కాళేశ్వరం మంచి చోటు. ఇక్కడ గోదావరిలో ప్రాణహిత కలుస్తుంది. ఆ సంగమం నుంచి ప్రాణహిత వెంట ఎగువకు వెళితే మంచిర్యాల జిల్లాలో యామన్‌పల్లి వస్తుంది. అక్కడి రాళ్లలో దొరికిన రాక్షసబల్లికి భూగర్భ శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన అస్థిపంజరం దానిదే. పదిహేడు పద్దెనిమిది కోట్ల ఏళ్ల కిందటిది. కోటాసారస్ ఈ ఒడ్డున ఆకులు మేస్తున్న కాలపు రాళ్లలో శంఖం ఇంటి గుల్లల జాడ లేదు. అవి ఆ తర్వాత, క్రెటేషియస్ యుగపు రాళ్లలో మొదట కనిపిస్తాయి.

ఇక గోదావరి వెంట దిగువకు పోదాం. రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి, దుద్దుకూరు చుట్టుపక్కల నల్లరాతి క్వారీల్లో సముద్రపు గుల్లల శిలాజాలు దొరుకుతాయి. ఆ నల్లరాయి ఎక్కడో పడమటి దక్కనులో పొంగిన లావా. సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాడు పారుతూ ఇంతదూరం వచ్చి, అప్పట్లో ఇక్కడిదాకా ఉన్న సముద్రపు పాయలో గడ్డకట్టింది. లావా కిందా, పొరల మధ్యా పొడుగాటి టరిటెల్లా గుల్లలు చిక్కుకుపోయాయి. వాటిలో శంకునత్త ఉండదు, అదింకా పుట్టలేదు. రాక్షసబల్లులు పోయి, లావా చల్లారి, మరో కోటి ఏళ్లు గడిచాక, సుమారు 5.5 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో మొదటి శంకునత్తలు తేలతాయి. అంటే దాయాదుల్లో ఇది బాగా చిన్నది. అయినా ఇవాళ దాదాపు వెయ్యి జాతులు. సముద్రంలో ఇన్ని జాతులుగా విరగకాసిన నత్తలు తక్కువ.

చిన్నదాయాది ఇంత ఎలా బాగుపడిందంటే, ఆకురాయిని ఆయుధంగా మార్చుకుంది. వరసగా ఉండాల్సిన పళ్లలో ఒక్కొక్కటీ విడిపోయి, పల్చటి రేకు చుట్టినట్టు చుట్టుకుని, లోపల బోలుగా ఉన్న బరిసె అయింది. చేపల్ని వేటాడే జాతుల్లో దాని కొసన వెనక్కి తిరిగిన ముల్లు, గాలానికి ఉన్నట్టే. ఒంట్లో ఒక సంచి నిండా ఇలాంటి బరిసెలు రకరకాల దశల్లో తయారవుతూ ఉంటాయి. అంబులపొది అనుకోండి. ఒక్కో బరిసెను ఒక్కసారే వాడుతుంది. వేటకు ముందు ఒకటి తొండం కొసకు చేరుతుంది. దేహం లోపల మెలికలు తిరిగిన పొడవాటి నాళంలో విషం తయారై ఉంటుంది. నాళం చివర కండతో చేసిన ఉబ్బెత్తు తిత్తి. ఒకప్పుడు విషం అందులోనే పుడుతుందనుకున్నారు. కానీ అది కమ్మరి కొలిమి తిత్తి చేసే పనే చేస్తుంది, ఒక్క నొక్కుతో నాళంలోని విషాన్ని ముందుకు నెడుతుంది. బోలు బరిసె గుండా అది చేప ఒంట్లోకి పోతుంది.

సంగమం దగ్గర చేపలు పట్టేవాళ్లకు గాలమూ తెలుసు, విసురు వలా తెలుసు. చేపలు తినే శంకునత్తలకూ ఈ రెండు విద్యలే ఉన్నాయి. గాలం వేసే జాతులు తొండాన్ని చేప వైపు మెల్లగా సాచి, పొడిచి, ముల్లు దిగిన చేపను తమ వైపు లాక్కుంటాయి. ఒకటి రెండు సెకన్లలో చేప కర్రలా బిగుసుకుపోతుంది. వల వేసేది కోనస్ జియోగ్రాఫస్. దాని నోరు గరాటులా విచ్చుకుంటుంది. చేపలు బెదరవు, మత్తెక్కినట్టు అందులోకి తామే జారినట్టు పోతాయి. మొత్తం లోపలికి తీసుకున్నాక ఒక్కొక్కదాన్నీ పొడుస్తుంది. తర్వాత ముళ్లు, పొలుసులు బయటికి ఉమ్మేస్తుంది. ఇల్లు నెత్తిన మోసుకుంటూ పాకే జీవి చేపను పట్టడం నమ్మశక్యం కాకే కాబోలు, అమెరికన్ జీవశాస్త్రవేత్త అలన్ కోన్ 1956లో ప్రత్యక్షంగా చూసి ప్రకటించేదాకా శాస్త్రలోకంలో ఈ సంగతి స్థిరపడలేదు.

నత్తనడక అని మనం వెక్కిరిస్తాం గానీ, ఈ విషం అంత పదునెక్కడానికి కారణం ఆ నడకే. నాగుపాము ఎలుకను కరిచి వదిలేసినా ఫరవాలేదు. ఎలుక పది గజాలు పరుగెత్తి పడిపోయినా వాసన పట్టి వెళ్లి మింగుతుంది. శంకునత్తకు ఆ వెసులుబాటు లేదు. పొడిచిన చేప ఒక బారెడు దూరం ఈదిపోయినా దాన్ని ఇంకెవరో తింటారు. విషం ఎక్కిన చోటే, ఎక్కిన క్షణమే పని చెయ్యాలి. మెల్లగా చంపే విషమున్న నత్తలు ఆకలితో పోయి ఉంటాయి, వేగంగా చంపేవి పిల్లల్ని కని ఉంటాయి. కొన్ని కోట్ల ఏళ్లు ఈ వడపోత నడిచింది.

ఈ నత్త మనిషిని చంపిన ఉదంతాన్ని మొదట రాసిపెట్టింది రంఫియస్. ఇప్పటి ఇండోనేషియాలోని అంబోన్ దీవిలో డచ్చి కంపెనీ కొలువు చేస్తూ, చూపు పోయిన తర్వాత కూడా గుల్లల గురించి పుస్తకం పూర్తి చేసిన మనిషి. ఆయన పోయాక 1705లో అది అచ్చయింది. బందా దీవిలో ఒక బానిస స్త్రీ వల లాగుతుండగా ఈ గుల్లను చేతిలోకి తీసుకుంది. ఒడ్డుకు నడిచి వస్తుంటే అరచేతిలో కొద్దిగా దురద మొదలై, చెయ్యంతా పాకి, ఒళ్లంతా ఎక్కి ప్రాణం పోయింది. ఆమె పేరు ఆ పుస్తకంలో లేదు. ఆనాటి నుంచి లెక్కకు వచ్చిన మరణాలు ముప్ఫై చిల్లర, చాలా వరకు జియోగ్రాఫస్ పనే. పాముకాటుకు ఉన్నట్టు దీనికి విరుగుడు సూది లేదు. విషం దిగేదాకా ఊపిరి ఆగకుండా చూడటమే వైద్యం. అండమాన్ వెళ్లే మనవాళ్లు చాలామందే ఉన్నారు, పోర్ట్‌బ్లెయిర్‌లో స్థిరపడిన తెలుగువాళ్లూ తక్కువేం కాదు. పగడపు దిబ్బల దగ్గర అందంగా కనిపించిన శంకువును చేతిలోకి తీసుకోవద్దని పిల్లలకు చెప్పి ఉంచడం మంచిది. వెడల్పు వైపు పట్టుకుంటే ఏమీ కాదన్న మాట నమ్మకండి, కొన్నింటి తొండం అక్కడికీ వంగి వస్తుంది.

ఆ అందం మాత్రం సామాన్యమైనది కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో చిత్రకారుడు వెర్మీర్ గీసిన, నీలి చొక్కా స్త్రీ ఉత్తరం చదివే చిత్రం వేలంలో 43 గిల్డర్లకు పోతే, 1796లో ఒక శంకునత్త గుల్ల 243 గిల్డర్లు పలికింది. అదే 1796లో లండన్‌లో పాట్రిక్ రస్సెల్ పుస్తకం వచ్చింది. విశాఖపట్నంలో ఉండి, కోరమాండల్ తీరపు పాముల్ని తెలుగు పేర్లతో సహా నమోదు చేసి, కోళ్ల మీద, కుక్కల మీద విషాలు పరీక్షించిన వైద్యుడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఆయన పేరే ఉంది. ఒకే ఏడాది ఒకచోట విషపు గుల్ల అందానికి వెల కట్టారు, మరోచోట మన పాముల విషం మీద శాస్త్రం అచ్చయింది. ఈ రెండూ ఒకచోటికి చేరడానికి ఇంకా రెండు వందల ఏళ్లు పట్టింది.

చిత్రకారుడు రెంబ్రాంట్‌ను కూడా తలచుకోకుండా ఉండలేను. 1650లో ఆయన ఒక శంకునత్తను లోహపు పలక మీద ఉన్నదున్నట్టు చెక్కాడు. అచ్చు తీస్తే బొమ్మ తిరగబడుతుందన్న సంగతి సంతకం దగ్గర గుర్తుంచుకున్నాడు, గుల్ల దగ్గర మర్చిపోయాడు. దాంతో కాగితం మీద చుట్లు తిరగాల్సిన దిక్కుకు ఎదురు తిరిగాయి. మన భాషలో చెప్పాలంటే దక్షిణావర్తం అచ్చయింది. శంఖంలో అలా ఎదురు తిరిగినవి అత్యంత అరుదు, లక్షలు పెట్టి కొనేవాళ్లున్నారు. తమాషా ఏమిటంటే మనం దక్షిణావర్తం అనేదాన్ని జీవశాస్త్రవేత్తలు ఎడమచుట్టు అంటారు. వాళ్లు మొనను పైకి పెట్టి చూస్తారు, మనం కిందికి పెట్టి చూస్తాం. అమెరికా తీరంలో పుట్టుకతోనే ఎడమచుట్టున్న వేరే నత్త విరివిగా ఉంది. దక్షిణావర్త శంఖమని చెప్పి ఆ గుల్లను అమ్మడమూ ఉంది, కొనేవాళ్లు చూసుకోవాలి.

విషం దగ్గరికి వద్దాం. 1970 ప్రాంతంలో అమెరికాలో పరిశోధన ముగించుకుని ఫిలిప్పీన్స్ తిరిగొచ్చిన బాల్డొమెరో ఒలివెరాకు ప్రయోగశాల అయితే ఉంది గానీ, నేర్చుకొచ్చిన పని చేసుకోవడానికి పరికరాలు లేవు. చిన్నప్పటి నుంచి గుల్లలు పోగుచేసే అలవాటు ఉంది, శంకునత్తలు అక్కడ కావలసినన్ని. లూర్డెస్ క్రజ్‌తో కలిసి జియోగ్రాఫస్ విషాన్ని విడదీయడం మొదలుపెట్టారు. తర్వాత యూటా విశ్వవిద్యాలయానికి మారాక క్రెయిగ్ క్లార్క్ అనే డిగ్రీ విద్యార్థి ఒక మాట అన్నాడు: ఎలుక కడుపులోకి ఎక్కించడం కాదు, నేరుగా మెదడులోకి ఎక్కించి చూద్దాం. విషాన్ని భాగాలుగా విడగొట్టి ఒక్కో భాగం ఎక్కిస్తే ఒక్కో ఎలుక ఒక్కో వేషం వేసింది. ఒకటి గోక్కుంది, ఒకటి వణికింది, ఒకటి గుండ్రంగా తిరిగింది, ఒకటి నిద్రపోయింది. నిద్రపుచ్చిన ముక్కకు కొనాంటోకిన్ అని పేరు పెట్టారు. ఫిలిపినో భాషలో ఆంతోక్ అంటే నిద్రమత్తు. అదే ముక్క రెండు వారాల లోపు ఎలుక పిల్లకు నిద్ర తెస్తే, మూడు వారాలు దాటినదాన్ని గంతులు వేయించింది.

అప్పటిదాకా విషమంటే ఒకటో రెండో పదార్థాలని అనుకునేవారు. తీరా చూస్తే ఒక్కో జాతి విషంలో వందకు పైగా వేర్వేరు ముక్కలు. ఒక జాతిలో ఉన్నవి పక్క జాతిలో దాదాపు ఉండవు. మొత్తం వెయ్యి జాతులకు లక్ష పైమాటే అని అంచనా. ఒక్కోటీ పది నుంచి ముప్ఫై అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. ఇన్ని ఎలా పుట్టుకొచ్చాయన్నదే ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం.

ఒక్కో ముక్క తయారయ్యేటప్పుడు మొదట పొడవాటి గొలుసుగా పుడుతుంది. ముందుండే భాగం కణంలో దాన్ని ఏ దారిన పంపాలో చెప్పే గుర్తు. చివరిది అసలు విషం. పని పూర్తయ్యాక ముందు భాగాన్ని కణం కత్తిరించేస్తుంది. జాతులు మారినా ఆ ముందు భాగం పెద్దగా మారదు, చివరి భాగం గుర్తుపట్టలేనంత మారిపోతుంది. మన పేర్లు గుర్తొచ్చాయి నాకు. ఇంటిపేరు ముందు, అది తరతరాలకూ ఒకటే. సొంతపేరు చివర, అది ఎవరిది వాళ్లదే. శాస్త్రవేత్తలు కూడా ఆ ఇంటిపేరును బట్టే ఏ, ఎం, ఓ అని విషపు కుటుంబాలు కట్టారు. ఇక ఆ చివరి భాగంలో కూడా మారనివి కొన్ని ఉన్నాయి. సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు నిర్ణీత స్థానాల్లో నిలబడి, రెండేసి చొప్పున గంధకపు బంధంతో ముడిపడి, గొలుసును ఒక ఆకారంలో బిగించి ఉంచుతాయి. సంక్రాంతికి చుక్కల ముగ్గు వేసేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. చుక్కలు కదలవు, వాటి మధ్య గీత ఎటు తిప్పితే అటు కొత్త ముగ్గు.

థామస్ డూడా, స్టీఫెన్ పలుంబి 1999లో ఈ విషాల్ని తయారుచేసే జన్యువుల్ని పోల్చి చూసి చెప్పింది ఇదే. జన్యువుకు నకలు పడుతుంది. ఒకటి పాత పని చేస్తుంటే రెండోది స్వేచ్ఛగా మారుతుంది. అందులో పనికొచ్చిన మార్పు నిలుస్తుంది, దానికి మళ్లీ నకలు. ఈ జన్యువులు మారే వేగం జంతులోకంలోనే అరుదైనది.

చుట్టరికాల పట్టిక మాత్రం అంత తేలిగ్గా తేలలేదు. గుల్ల ఆకారం, పన్ను ఆకారం చూసి 2009లో ఇద్దరు పరిశోధకులు శంకునత్తల్ని ఎనభైకి పైగా ప్రజాతులుగా వేరుపెట్టారు. పొలం గట్లకు గొడవపడి ఒకే వాకిట్లో పది పొయ్యిలు పెట్టినట్టయింది. 2014లో నికొలా పుయాంద్ర్ బృందం 320 జాతుల డీఎన్‌ఏ పక్కపక్కన పెట్టి చూస్తే పెద్ద శాఖలు నాలుగే తేలాయి. జాతుల్లో 85 శాతం దాకా కోనస్ అనే ఒకే శాఖలో ఉన్నాయి. కాలిఫోర్నియా తీరంలోని ఒక జాతి మాత్రం ఒంటరి శాఖ, పురుగు, నత్త, చేప ఏది దొరికితే అది తింటుంది. మిగతావాళ్లు అలా కాదు, ఇంటింటికీ ఒక పథ్యం. మూలపురుషుడు పురుగులు తినేవాడని ఈ వంశవృక్షం చెబుతోంది. ఇవాళ్టికీ ఎక్కువ జాతులు పురుగుల మీదే బతుకుతున్నాయి. తోటి నత్తల్ని, చేపల్ని తినడం తర్వాత వచ్చిన అలవాట్లు.

చేప నరాల మీద పని చేసే విషం మన మీదా పని చేస్తుంది, ఎందుకంటే వెన్నెముక ఇల్లు ఒకటే. జియోగ్రాఫస్ విషంలో జీఐ అనే ముక్క ఉంది, 13 అమైనో ఆమ్లాలు. నరం నుంచి కండరానికి కబురు అందే చోట ఉండే గ్రాహకాన్ని మూసేస్తుంది. అచ్చం ఆ గ్రాహకం మీదే నాగుపాము విషంలో 60, 70 అమైనో ఆమ్లాల ముక్క పోయి కూర్చుంటుంది. పాము కరిచిన మనిషి కనురెప్పలు వాలిపోవడం ఇక్కడి పల్లెల్లో చూసినవాళ్లున్నారు, ఆ గ్రాహకం మూసుకుపోయినందుకే. పాముకూ నత్తకూ ఏ చుట్టరికమూ లేదు. ఒకే తాళానికి ఇద్దరు వేర్వేరు కమ్మరులు వేర్వేరు తాళంచెవులు చేశారు. నత్త చేసింది చాలా చిన్నది.

అన్నీ కొత్తగా చేసుకున్నవి కావు. 2015లో హెలెనా సఫావి హెమామీ బృందం జియోగ్రాఫస్ విషంలో ఇన్సులిన్ ఉందని చూపించింది. ప్రతి జంతువుకూ ఉండే హార్మోనే, నత్తకూ దాని సొంత ఇన్సులిన్ ఉంది. కానీ విషంలో ఉన్నది నత్త ఇన్సులిన్‌లా లేదు, చేప ఇన్సులిన్‌లా ఉంది. అది నీళ్లలో కలిసి చేపకు చేరగానే రక్తంలో చక్కెర పడిపోయి, చేప తూలిపోతుంది. గరాటు నోట్లోకి చేపలు అంత నెమ్మదిగా పోవడం వెనక ఇదొక కారణం. 2024లో అదే నత్తలో ఇంకో హార్మోన్ వేషం దొరికింది. సొమాటోస్టాటిన్‌ను పోలిన ఈ ముక్క, పడిపోయిన చక్కెరను తిరిగి లేపే గ్లూకగాన్‌ను ఆపుతుంది. కిందికి తోసేది ఒకటి, లేవకుండా పట్టుకునేది ఇంకొకటి.

షుగర్ ఉన్న ఇంట్లో ఈ సంగతి ఇంకొంచెం దగ్గరగా తెలుస్తుంది. మామూలు ఇన్సులిన్ సూది వేసుకున్నాక అన్నం ముందు అరగంట ఆగమంటారు. మనిషి ఇన్సులిన్ అణువులు ఆరేసి చొప్పున అతుక్కుని ఉంటాయి, విడిపోతేనే పని చేస్తాయి. అతుక్కునే తోక భాగం నత్త ఇన్సులిన్‌కు లేదు. 51 అమైనో ఆమ్లాలకు బదులు 43తోనే సరిపెట్టుకుంది. అది వచ్చీ రావడంతోనే పనిలో దిగుతుంది. చేప ఈదిపోయే లోపు పని జరగాలి మరి. ఆ నమూనాతో త్వరగా పనిచేసే ఇన్సులిన్ చేయాలని ఇప్పుడు ప్రయత్నిస్తున్నారు.

మందుగా ఇప్పటికే బజారుకు వచ్చింది వేరే ముక్క. స్కూలు చదువు అప్పుడే ముగించి ఒలివెరా దగ్గర పనికి చేరిన మైకేల్ మెకింతోష్ అనే కుర్రవాడు కోనస్ మేగస్ అనే జాతి విషంలో దాన్ని పట్టుకున్నాడు. 25 అమైనో ఆమ్లాలు, మూడు ముడులు. వెన్నుపాములో నొప్పి కబురు ఒక నరం నుంచి ఇంకో నరానికి అందే చోట కాల్షియం ద్వారాలుంటాయి, వాటికి అది తలుపు వేస్తుంది. ప్రయోగశాలలో తయారుచేసిన దాని నకలును జికొనొటైడ్ పేరుతో 2004 డిసెంబరులో అమెరికా అనుమతించింది. మార్ఫిన్‌కు కూడా లొంగని నొప్పికి వాడతారు. మార్ఫిన్‌లా ఒళ్లు అలవాటు పడి మోతాదు పెంచుకుంటూ పోవాల్సిన అవసరం ఉండదు. కానీ మాత్ర కాదు, మామూలు సూదీ కాదు. వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి పంపుతో చుక్కచుక్కగా ఎక్కించాలి. కొందరికి మనసు చెదురుతుంది, లేనివి కనిపిస్తాయి. అందుకే అది పెద్దాసుపత్రుల మందుగానే మిగిలింది.

మళ్లీ నా ఇరవై రూపాయల గుల్ల దగ్గరికి వస్తాను. అమాడిస్ అనామకం కాదు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పి. బలరామ్, టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన కె.ఎస్. కృష్ణన్, మరికొందరు కలిసి మన తీరపు శంకునత్తల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 2003లో వాళ్లు ప్రచురించిన వ్యాసంలో ఉన్నది ఈ జాతి విషమే. దాని నుంచి తీసిన ముక్క పేరు ఏఎం2766. అంకెలు దాని అణుభారం. నరంలో సోడియం ద్వారాలు తెరుచుకుని, లిప్తలో మూసుకుంటేనే కబురు తీరుగా సాగుతుంది. ఏఎం2766 తలుపు మూసుకోకుండా అడ్డం పడుతుంది, నరం అదేపనిగా మోగుతూ ఉంటుంది.

వాళ్లు దాన్ని పరీక్షించింది ఎలుక మెదడు తాలూకు సోడియం ద్వారం మీద. అమాడిస్ తినేది తోటి నత్తల్ని. నత్తల్ని తిని బతికేదానికి వెన్నెముకున్న జంతువు నరం మీద పనిచేసే విషం ఎందుకు? దీనికి దారి 2014లో సెబాస్టియన్ డ్యుటెర్ట్ర్ బృందం చూపించింది. జియోగ్రాఫస్‌ను చేపతో ఊరిస్తే ఒక విషం వదిలింది, శత్రువులా బెదిరిస్తే వేరే విషం వదిలింది. ఒకే నాళంలో తొండం వైపు భాగం వేటకు, తిత్తి వైపు భాగం ఆత్మరక్షణకు. మనిషిని చంపేది ఆ రెండోదే. అంటే పురుగులు, నత్తలు తినే రోజుల్లోనే, తమను మింగడానికి వచ్చే చేపల్ని పొడిచి తరమడానికి కొన్ని ముక్కలు పుట్టి ఉంటాయి. పురుగులు తినే ఒక జాతిలో చేపల నరాల మీద పనిచేసే ఇదే తరహా ముక్క 2015లో దొరకడంతో ఆ ఊహకు బలం వచ్చింది. చేపల వేట ఆ తర్వాతి సంగతి. తరమడానికి పనికొచ్చింది పట్టుకోవడానికీ పనికొచ్చింది. అమాడిస్ దగ్గరున్న ముక్క కూడా అలాంటి ఇంటి కావలి విషమే అయి ఉండాలని నా అనుమానం.

గుల్లను దీపం దగ్గర పెట్టి తిప్పి చూశాను. పెదవి అంచు నుంచి అంగుళం దూరంలో, తెల్లటి త్రికోణాల్ని అడ్డంగా కోస్తూ వంకర టింకర గీత ఒకటి పైనుంచి కింది దాకా ఉంది. గీతకు ఇటు రంగుల వరస ఒకలా, అటు ఇంకోలా. ఏ ఎండ్రకాయో పట్టుకుని అంచు కొరికి విరిచినప్పుడు నత్త లోపలికి ముడుచుకుని తప్పించుకుని, మళ్లీ అక్కడి నుంచే గోడ కట్టుకుంటే పడే అతుకు అది. అతుకు తర్వాత గుల్ల ఇంకో అంగుళం పెరిగింది.